ఎండలోకి తీసుకెళ్ళిన చీర

కోపం వస్తే కృపావతికి ముందు చేతులు ఆగిపోతాయి. మిరపచేలో సాలు మధ్యనైనా, ఇంట్లో చేట ముందైనా, ఎప్పుడూ ఏదో ఒకటి ఏరుతూ ఉండే చేతులవి. అవి ఆగాయంటే పక్కనున్న ఆడవాళ్ళు తలలెత్తి చూస్తారు. నోరు లేవటం ఆ తర్వాతి సంగతి.

చందర్లపాడు చుట్టుపక్కల మిరపకోతకు పోయే ముఠాల్లో ఆమెది పెద్దది. ఆమెతో కలిపి ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు. చీకటుండగానే వాళ్ళను లేపి, ఆటోలు ఎక్కించి, ఏ రైతు చేలో దిగాలో అక్కడ దించి, పొద్దుగూకేసరికి ఒక్క మనిషి తగ్గకుండా ఇళ్ళకు చేర్చేది ఆమే. పేరుకు మేస్త్రే గాని గట్టు మీద నిలబడి అజమాయిషీ చేసే రకం కాదు. అందరితో పాటు వంగి కోస్తుంది. ముప్పై ఏళ్ళుగా అలా కోసీ కోసీ వేళ్ళ చివర్లు గరుకుదేరి, సాలెపోగు తగిలినా వాటికి చిక్కుకుపోయేలా తయారయ్యాయి.

నాలుగేళ్ళ కిందట సతీష్‌బాబు చేలో కోత. బెంగుళూరు ఉద్యోగం మానేసి వ్యవసాయానికి వచ్చిన కుర్ర రైతు. సాయంత్రం ఆడవాళ్ళు బయల్దేరుతుంటే తన మనిషిని పిలిచి, "వీళ్ళ ఒళ్ళు చూసి పంపరా, కాయలు పోతన్నయ్" అన్నాడు. కృపావతి చేతులు ఆగాయి. గట్టెక్కి నిలబడింది.

"మా ఒడి మేం దులుపుకుంటాం బాబూ. మీ మనిషి చెయ్యి మా కొంగు మీద పడిందా, రేపట్నుంచి మీ కాయ మీరే కోసుకోండి."

ఆ సాయంత్రం ముప్పై ఇద్దరూ గట్టు పొడవునా వరసగా నిలబడి కొంగులు విప్పి దులిపారు. రెండు ఎండుటాకులు, పిడికెడు దుమ్ము రాలాయి. అంతే. సతీష్‌బాబు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మరుసటేడు ఇంటికొచ్చి, "అక్కా, ముందు మన చేలోకే రావాలి" అని తనే అడిగాడు. ఆమె వెళ్ళింది. కానీ ఆ రోజు నుంచి ఏ చేలోనైనా, ఎవరూ అడగకపోయినా, పని ముగించి పోయేముందు గట్టు మీద కొంగులు దులపటం ముఠాకు ఆచారమైంది. దొంగ అనే మాట తన మనుషుల నీడ మీద కూడా పడకూడదు. కృపావతి కోరుకున్నది ఆ ఒక్కటే.

ఈ ఏడు వాళ్ళ పేటలో కొత్త చర్చి గుడి పూర్తయింది. ఏప్రిల్ రెండో ఆదివారం ప్రతిష్ఠ. ఆ రోజు స్త్రీల సమాజం వాళ్ళంతా ఒకే రకం చీర కట్టాలి. సమాజం అంటే ముఠాయే. చేలో ఉంటే ముఠా, గుడిలో ఉంటే సమాజం.

"వీరులపాడు సమాజమోళ్ళు బెజవాడలో చీరలు కొన్నారంట, నెలరోజుల్నుంచీ అదే డప్పు. మనం హైదరాబాదులో కొనాల్సిందే" అంది రోజారమణి. ముఠాలో అందరికన్నా చురుకు, అందరికన్నా నోరు.

"అంతదూరం దేనికే?"

"చీర కోసం కాదక్కా. ఆళ్ళ నోరు మూయించటానికి."

రంగు దగ్గర మూడు ఆదివారాలు గడిచాయి. ఒకరు గులాబి అంటే ఇంకొకరు నెమలికంఠం అన్నారు. తెలుపైతే పెళ్ళికూతుళ్ళలా ఉంటాం అని ఒక ముసలమ్మ అంటే అందరూ పడీపడీ నవ్వారు. చివరికి, ఎప్పుడూ నోరు విప్పని పున్నమ్మ విప్పింది. పున్నమ్మ కృపావతికి ఆడపడుచు, మొగుడు ఏలీయాకు చెల్లెలు.

"నాటు రోజున మిరపనారు ఉంటది చూడండి. తడిపి, పీకి, కట్టలు కట్టి గట్టు మీద పెడతాం గదా. ఆ పచ్చ."

ముప్పై ఇద్దరి కళ్ళలో ఒకే రంగు ఒకేసారి మొలిచింది. వేళ్ళకు తడిమట్టి అంటుకునే ఉన్న పచ్చ. ఇంకా కారం పుట్టని పచ్చ. మరి వేరే మాట లేకుండా అది ఖాయమైంది. కొనుక్కొచ్చే పని వదినా ఆడపడుచుల మీద పడింది.

నందిగామలో మొదటి బస్సెక్కారు. చిల్లకల్లు దాటి, గరికపాడు దగ్గర లారీల వరస దాటి, పది కొట్టేసరికి హైదరాబాదులో దిగారు. మదీనా వైపు గల్లీల్లోకి అడిగి అడిగి చేరారు. ఆకాశం కనపడకుండా పైన టార్పాలిన్ పట్టాలు, కింద మనుషులు, మధ్యలో చీరల బేళ్ళు నెత్తిన పెట్టుకుని "జరగాలె, జరగాలె" అంటూ హమాలీలు. రంగులన్నీ ఒకదానిమీద ఒకటి పడి అరుస్తున్నట్టుగా ఉంది.

"గ్రీన్ అంటే ఏ గ్రీన్ అమ్మా? బాటిల్ గ్రీన్, పారట్ గ్రీన్, మెహెందీ గ్రీన్..." దుకాణదారు చీరల కట్టలు ముందుకు తోస్తూ పోయాడు.

"నలభై రోజుల మిరపనారు గ్రీన్" అంది కృపావతి.

అతను పని ఆపి ఆమెను ఎగాదిగా చూశాడు. "గా రంగు మా కాడ లేదు" అని, అయినా నవ్వి, ఇంకో కట్ట విప్పాడు.

కృపావతి ఒక చీర తీసుకుని, పట్టాల చిరుగులోంచి ఎండ పడుతున్న చోటికి ఇరవై అడుగులు నడిచి, విప్పి చూసి, తల అడ్డంగా ఊపి తెచ్చి ఇచ్చింది. ఇంకోటి తీసుకెళ్ళింది. దుకాణదారు తలెత్తి కూడా చూడలేదు. పున్నమ్మ అతని ఎదురుగా స్టూలు మీద కూచునే ఉంది కదా. నందిగామలోనూ అంతే, జగ్గయ్యపేటలోనూ అంతే. రంగు చూడాలంటే ఒకరు కొట్లో కూచోవాలి, ఒకరు చీరతో ఎండలో నిలబడాలి. కూచున్న మనిషే హామీ. కొట్టు లోపలి దీపాల కింద ఏ రంగూ నిజం చెప్పదని, తెల్లబారిన తాలుకాయను, మంచికాయను ఎండలోనే ఏరే మనుషులకు ఒకరు నేర్పక్కర్లేదు.

ఆరు దుకాణాలు తిరిగారు. ఒకచోట రంగు దగ్గరగా వచ్చింది గాని తొమ్మిది చీరలే ఉన్నాయి. ఎవరో పెద్ద మాల్‌కు వెళ్ళమన్నారు. అయిదంతస్తులట, చీరలకే మూడంట. మెట్రో ఎక్కి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. ఆకలి. మాల్‌కు ముందు ఒక పార్కు కనపడితే లోపలికి వెళ్ళి, చెట్టు నీడన పచ్చిక మీద కూచుని పులిహోర పొట్లాలు విప్పారు. పున్నమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ఆమేన్ దాకా రాకముందే విజిల్ వినపడింది.

"లేవాలె లేవాలె. గడ్డి మీద కూచోవద్దు. తినుడు బంద్."

"గడ్డి మీద కూచోకపోతే మరి దేనికి పెంచారయ్యా?" అంది కృపావతి.

"చూడనీకి."

"చూట్టానికా? మా ఊళ్ళో గేదెలు వింటే పడీపడీ నవ్వుతయ్."

కాపలాదారు నవ్వలేదు. కాస్త అవతల చాప పరుచుకుని, యోగాసనాల దుస్తుల్లో నలుగురు పచ్చిక మీదే వెల్లకిలా పడుకుని ఉన్నారు. కృపావతి వాళ్ళకేసి చెయ్యి చూపించింది. "వాళ్ళు నెల పాసు కట్టినోళ్ళు" అన్నాడతను. పున్నమ్మ అప్పటికే పొట్లాలు మూసేసి లేచి నిలబడింది. గేటు బయట, కాలవ పక్క సిమెంటు దిమ్మ మీద, పోయే బస్సుల పొగలో తిన్నారు. కృపావతి ముద్ద కలుపుతూ కలుపుతూ ఆపేసింది. పున్నమ్మ అది చూసి భయంగా, "తిను వదినా. మన పనేంది, వాళ్ళ గడ్డేంది" అంది.

మాల్ లోపల ఏప్రిల్ లేదు. చల్లగా, ఏ వేళో తెలియని వెలుతురు. కదిలే మెట్ల దగ్గర పున్నమ్మ రెండుసార్లు కాలు పెట్టి రెండుసార్లు తీసేసింది. కృపావతి ఆమె నడుం పట్టుకుని ఎత్తి మెట్టు మీద నిలబెట్టింది. మూడో అంతస్తులో యశస్విని అనే పిల్ల, పేరు చొక్కా మీద రాసి ఉంది, ఓపిగ్గా చీరలు పరిచింది. మిరపనారు మాట విని నవ్వలేదు. కాసేపు ఆలోచించి, లోపలి అరలోంచి ఒక చీర తెచ్చి బల్ల మీద వదిలింది.

చీర పారిన నీళ్ళలా బల్లంతా పరుచుకుంది.

"వదినా" అంది పున్నమ్మ, గొంతు తగ్గించి.

"ఎన్ని కావాలండీ?"

"ముప్పై రెండు. ఉన్నయ్యా?"

"ఉండొచ్చండీ. స్టాక్ రూమ్‌లో చూసొస్తా, కూర్చోండి" అని ఆ పిల్ల లోపలికి వెళ్ళింది.

కృపావతి ఆ చీరను వంగి చూసింది, నిలబడి చూసింది. పైన తెల్లటి దీపాలు, పక్కన పచ్చటి దీపాలు. వాటిని నమ్మటం ఎట్లా? ముప్పైమంది ఆమె కళ్ళను నమ్మి ఊళ్ళో ఎదురుచూస్తున్నారు. "నువ్వు కూచో పున్నమ్మా, ఎండలో చూసొస్తా" అంది. చీరను రెండు చేతుల మీద పరిచి పట్టుకుంది. గరుకు వేళ్ళు తగిలి పోగులు లేస్తాయని అరచేతులు తగలనివ్వకుండా, మోచేతుల మీదే మోసింది. కదిలే మెట్లు దిగింది. ఎంతోమంది ఎదురయ్యారు, ఎవరూ ఏమీ అనలేదు. అద్దాల తలుపు దాటి ఒక్క అడుగు వేసింది.

గంట మోగింది. ఒకటి కాదు, మాలంతా మోగినట్టు. కాపలాదారు పరిగెత్తుకొచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఇంకొకడు ఫోను తీసి, చీరతో సహా ఆమె ముఖాన్ని ఫొటో తీశాడు. లోపలికి వస్తున్నవాళ్ళు ఆగి దారి వదిలారు. ఆ దారి చూసి కృపావతికి అర్థమైంది, తనేమయిందో.

బిల్లింగు పక్కన చిన్న గది. మేనేజరు పేరు కిషోర్‌బాబు. మర్యాదగా కుర్చీ చూపించాడు. ఆమె కూచోలేదు.

"ఎక్కడ్నుంచమ్మా?"

"నందిగామ పక్క."

"అట్టాగా. మాది జగ్గయ్యపేటే." క్షణం పాటు అతని ముఖం మెత్తబడింది. "మీ పేరేంటి?"

"కృపావతి."

అతను ఆమె బొట్టు లేని నుదుటిని చూశాడు. ఆ ముఖంలో తెరుచుకోబోయిన తలుపేదో చప్పుడు లేకుండా మూసుకుంది. ఒక కాగితం ముందుకు జరిపాడు.

"మనూరోళ్ళు కాబట్టి పోలీసుల దాకా పోనివ్వను. ఇక్కడో సంతకం పెట్టి వెళ్ళిపోండి."

ఆమె బైబిలు చదివినట్టే ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి ఆ కాగితం చదివింది. మూడో వరసలో వేలు ఆగింది. "దొంగతనంగా" అని ఉంది.

"రంగు చూట్టానికి ఎండలోకి తీసుకెళ్ళా. మా మనిషి పైన కూచునుంది."

"అందరూ ఏదో ఒకటి చెప్తారమ్మా. మీవాళ్ళ సంగతి మా ఊళ్ళోనూ చూశాంలే."

"మావాళ్ళంటే ఎవరండీ?"

అతను కాగితం మీద పెన్ను పెట్టి ఇంకాస్త ముందుకు జరిపాడు.

"ఏం చూశారు మీ ఊళ్ళో? చెప్పండి, వింటా. మీది పేట గదా. మీ అమ్మగారు పేటలో చీర కొంటే ఎండలో చూడకుండా కొన్నారా ఎప్పుడన్నా? చీర పట్టుకుని కొట్టు మెట్లు దిగితే ఆవిడ చెయ్యి పట్టుకున్నారా ఎవరన్నా? ఫొటో తీశారా?"

"అమ్మను తీసుకురావద్దు మధ్యలో."

"మీరు మావాళ్ళను తీసుకురావచ్చా?"

పున్నమ్మను కిందికి తీసుకొచ్చారు. అప్పటికే ఏడుస్తోంది. సంగతి విని వదిన కొంగు పట్టుకుంది. "పెట్టెయ్ వదినా. సంతకమే గదా. ఈ ఊళ్ళో మనల్నెరిగినోళ్ళెవరు? ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది."

ఆమె అప్పుడు కూచుంది. కుర్చీ మీద కాదు, గది గుమ్మానికి అడ్డంగా, నేల మీద. "పిలిపించండి పోలీసుల్ని. ఎండలో చీర చూట్టం ఏ సెక్షనో ఆళ్ళనే అడుగుదాం. అప్పటిదాకా నేను కదలను, మీరూ కదలరు." గొంతు పెరిగింది. చేలో గట్టుకీ గట్టుకీ వినపడే గొంతది. బిల్లింగు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు తలలు తిప్పారు. కిషోర్‌బాబు, "మెల్లగా అమ్మా, మెల్లగా" అన్నాడు.

"దొంగతనం మెల్లగా చేస్తారు. నేను చెయ్యలా. గట్టిగానే మాట్లాడతా."

యశస్విని వచ్చి ఆమె మీంచి దాటకుండా గుమ్మం బయటే నిలబడింది. "సార్, ఆమె ముప్పై రెండు చీరలు అడిగారు. రెండో ఆవిడ నా కౌంటర్ దగ్గరే కూచునున్నారు, సంచులు కూడా అక్కడే. కెమెరా చూడండి సార్."

కెమెరాలో కనపడింది. కదిలే మెట్ల మీద ఒక బక్కపల్చటి మనిషి, పసిబిడ్డకు నీళ్ళు పోసి ఎండకు తీసుకుపోతున్నట్టు, రెండు మోచేతుల మీద ఆకుపచ్చటి చీర. దాచింది లేదు. అటూ ఇటూ చూసింది లేదు. కళ్ళు ఎదురుగా ఉన్న ఎండ మీదే ఉన్నాయి.

కిషోర్‌బాబు కాగితం మడిచాడు. "సరే, సరేలే. వెళ్ళండమ్మా."

"పొమ్మంటే పోవటానికి నేను పిలవకుండా వచ్చిన కుక్కను కాదు. ఆ ఫొటో తీసెయ్యమనండి. నా కళ్ళ ముందు."

కాపలాదారు ఫోనులో తీసేశాడు. ఆమె ఫోను దగ్గరకు లాక్కుని, ఇంకెక్కడా లేదని చూసుకుని ఇచ్చింది. లేచి నిలబడింది.

"ఇప్పుడు చీర చూస్తా. ఎండలో."

ఎవరూ అడ్డం చెప్పలేకపోయారు. మేనేజరే వెంట వచ్చాడు. నాలుగు గంటల ఎండ మాల్ మెట్ల మీద వాలుగా పడుతోంది. కృపావతి చీర కొంగు విప్పింది.

అదే పచ్చ. కొంచెం అటు కాదు, కొంచెం ఇటు కాదు. తడిపిన మళ్ళోంచి ఇప్పుడే పీకి, కట్టకట్టి, గట్టు మీద వరసగా పెట్టిన పచ్చ. ఎండ దాని లోపలికి దిగి ఆకు ఆకుగా వెలిగింది. పున్నమ్మ కళ్ళు తుడుచుకోవటం మర్చిపోయింది. "ఇదే వదినా. ఇదే."

"తీసుకోండి" అన్నాడు కిషోర్‌బాబు. "ముప్పై రెండూ ఉన్నాయట. డిస్కౌంట్ కూడా చేయిస్తా."

కృపావతి అతని ముఖంలోకి చూసింది. ఇంకొక్క మాట మిగిలి ఉంది. ఆ మాట కోసం ఆమె ఆగింది. గాలి చీర అంచును ఒకసారి లేపి దింపింది. అతను ఫోను తీసి టైము చూసుకున్నాడు.

ఆమె చీరను పాత మడతల మీదే మడిచింది. అతనికివ్వలేదు. యశస్విని చేతుల్లో పెట్టి, "నీ తప్పేం లేదమ్మా" అని చెప్పి, మెట్లు దిగి నడిచింది.

తిరుగు బస్సు చౌటుప్పల్ దాటేసరికి పున్నమ్మ ఇక ఆగలేకపోయింది. బతుకులో మొదటిసారి వదిన మీద ఆమెకు కోపం వచ్చింది.

"దొరికింది. చేతుల్లోకొచ్చింది. నీ పంతానికి ముప్పై ఒక్కమంది నోట్లో మట్టి కొట్టావ్."

"కొట్టా."

"ఏడు డెబ్బైల మార్లు క్షమించమన్నాడు ప్రభువు. ప్రతి ఆదివారం వింటన్నావ్ గదా."

"అడిగితే క్షమిస్తా. డెబ్బైసార్లెందుకు, ఒక్కసారి అడిగితే చాలు. అడిగాడా ఆయన?"

పున్నమ్మ కిటికీ వైపు తిరిగింది. ఫోను మోగింది. రోజారమణి.

"అక్కా! రంగు దొరికిందా?" వెనక ఆడవాళ్ళ నవ్వులు, కల్లంలో కాయల గలగల.

పున్నమ్మ చటుక్కున ఇటు తిరిగి, లేదని చెప్పమని చేత్తో సైగ చేసింది. దొరకలేదంటే అక్కడితో అయిపోతుంది. పరువూ దక్కుతుంది.

"దొరికింది" అంది కృపావతి.

అవతల ఒకటే కేరింత.

"కొనలా."

కేరింత తెగిపోయింది. "ఏందక్కా? ఎందుకని?"

"నన్ను దొంగన్నారు. స్పీకర్ పెట్టు. అందర్నీ దగ్గరకి రమ్మను, చెప్తా."

బస్సులో జనం తలలు తిప్పి చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు. చీర పట్టుకుని మెట్లు దిగటం చెప్పింది. గంట మోగటం, కాపలాదారు చెయ్యి పట్టుకోవటం చెప్పింది. కాగితంలో మూడో వరస ఏముందో ఉన్నదున్నట్టు చెప్పింది. రోజారమణి మెల్లగా అంది, "నిజంగా చెయ్యి పట్టుకున్నాడా అక్కా? మగోడు?"

కృపావతి ఫోను చెవి దగ్గర్నుంచి దించింది. అంతసేపూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

పున్నమ్మ ఆమె చేతిలోంచి ఫోను తీసుకుంది. వదిన మణికట్టును బస్సు దీపం కిందికి తిప్పింది.

"పట్టుకున్నాడే రోజా" అంది. "వేళ్ళ గుర్తులు ఇంకా ఉన్నయ్. నేను చూస్తన్నా."